నిలువ నీడ: దుర్గాబాయి దేశ్‌ముఖ్

హైదరాబాదు మహానగరానికి తూర్పు వాకిలి ఉప్పల్. వరంగల్లు వైపు నుండి వచ్చే రహదారి ఇక్కడే నగరంలో ప్రవేశిస్తుంది. దానికి కొద్ది దూరంలో పారిశ్రామికవాడగా పేరొందిన నాచారం ఉన్నది. కరవు తరిమిన పల్లెల నుండి, దూర రాష్ట్రాల నుండి కూలి వెదుక్కుంటూ వచ్చేవారికి ఈ ప్రాంతాలు మొదటి మజిలీలు. పని దొరికినవారు నలుగురైదుగురు కలిసి ఒక అద్దె గదిలో తలదాచుకొంటారు. పని దొరకనివారు, పని చేయగల వయసు దాటినవారు, కన్నబిడ్డలే వెళ్ళగొట్టినవారు, ఆస్పత్రి నుండి బయటపడి ఎటు పోవాలో తోచనివారు బస్సులు ఆగే చోట్ల, మూసిన దుకాణాల అరుగుల మీద, మెట్రో రైలు స్తంభాల నీడన రాత్రి వెళ్ళబుచ్చుతారు.

వీరికి సాయపడే ఏర్పాట్లు బొత్తిగా లేవని చెప్పడం న్యాయం కాదు. నగరంలో రాత్రి వసతి గృహాలున్నాయి. 2014లో నగరపాలక సంస్థ ఐదు రూపాయలకే భోజనం పెట్టే కేంద్రాలను ప్రారంభించింది. నాచారంలో కార్మిక బీమా ఆస్పత్రి ఉన్నది. అయితే ఆ ఆస్పత్రిలో వైద్యం పొందాలంటే కార్మికుని పేరును యజమాని బీమాలో నమోదు చేసి ఉండాలి. రోజుకొక మేస్త్రీ వెంట నడిచే అడ్డా కూలీకి నమోదు ఎక్కడిది? ఏ పథకానికి దరఖాస్తు పెట్టుకోబోయినా చిరునామా రుజువు కావాలంటారు. ఇల్లు లేనివాణ్ణి మొట్టమొదట అడిగేది ఇంటి నంబరే! సాయం ఒక వైపు, అవసరం మరొక వైపు. నడుమ దాటరాని గుమ్మం.

ఆ గుమ్మాన్ని గురించి జీవితమంతా ఆలోచించిన తెలుగు మహిళ ఒకరున్నారు. ఉప్పల్ నుండి పడమరగా హబ్సిగూడ, తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం మీదుగా ఏడెనిమిది కిలోమీటర్లు వెళితే విద్యానగర్ వస్తుంది. అక్కడ ఆమె పేరుతో ఒక ఆస్పత్రి, ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ విద్యాసంస్థలు కనబడతాయి. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

దుర్గాబాయి 1909వ సంవత్సరం జూలై 15వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించింది. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే ఆమెకు సుబ్బారావు అనే బంధువుతో వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చిన తరువాత ఆ వివాహబంధంలో తాను ఇమడలేనని గ్రహించి, ఆ విషయాన్ని భర్తకు నిష్కపటంగా తెలియజేసింది. అతడు మరొక వివాహం చేసుకోవడానికి మనఃపూర్వకంగా సమ్మతించింది. ఆ రోజుల్లో భర్తను విడిచివచ్చిన ఆడపిల్లకు పుట్టింటివారు తలుపు తీయడం అరుదు. దుర్గాబాయికి ఆ తలుపు తెరిచే ఉన్నది. అందరికీ అంతటి అదృష్టం ఉండదన్న స్పృహ ఆమెను చివరివరకు విడువలేదు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. దేవదాసీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను మహాత్ముని దర్శనానికి తీసుకురావాలని ఆమె సంకల్పించింది. వీరెవ్వరూ బహిరంగ సభలలో అడుగుపెట్టగలిగినవారు కారు. పది నిమిషాల సమయం కావాలంటే ఐదువేల రూపాయల నిధి సమర్పించాలని నిర్వాహకులు షరతు పెట్టారు. ఆ సొమ్మును దేవదాసీలే సమకూర్చారు. సభ జరిగిన వేళ గాంధీజీ పది నిమిషాలను మరచిపోయారు. స్త్రీలు తమ గాజులు, గొలుసులు తీసి ఆయన ఒడిలో వేశారు. గాంధీజీ హిందీలో చేసిన ప్రసంగాన్ని ఆ బాలికే తెలుగులో అనువదించింది. ఆ వయసులోనే ఆమె కాకినాడలో బాలికలకు, స్త్రీలకు హిందీ నేర్పే పాఠశాలను నడిపింది. ఆ విద్యార్థినులలో ఆమె తల్లి కూడ ఒకరు. 1923 నాటి కాకినాడ కాంగ్రెసు సభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేసిన కథ జగమెరిగినదే.

ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది కాకినాడ కాదు, కారాగారం. 1930లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలైన పెద్దలతో కలిసి ఆమె ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నది. ఆపైన మూడేళ్ళ వ్యవధిలో పలుమార్లు జైలుకు వెళ్ళింది. మధుర జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించింది. అక్కడ ఆమె ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. అయినా ఆమెను కలచివేసినది తన ఒంటరితనం కాదు. తోటి ఖైదీలైన స్త్రీలు. హత్యానేరం మీద శిక్ష పడి ఏళ్ళ తరబడి అక్కడ మగ్గుతున్నవారు వారిలో ఎందరో ఉండేవారు. తాము ఏ నేరం ఒప్పుకొన్నదీ, న్యాయస్థానంలో ఎవరు ఏమి అడిగినదీ, తాము ఏమని బదులు చెప్పినదీ కూడ వారిలో చాలామందికి తెలియదు. వ్రాయడం, చదవడం రాదు. తమ తరఫున మాట్లాడేవారు లేరు. శిక్ష ముగిసి బయటికి వెళ్ళినా ఆదరించే ఇల్లు లేదు. కొందరికి జైలు గోడల మధ్య ఉన్న కూడు, గూడు వెలుపల లేవు. స్వేచ్ఛ కోసం జైలుకు వచ్చిన దుర్గాబాయి, విడుదల అంటేనే భయపడే మనుషులను అక్కడ చూసింది. న్యాయశాస్త్రం చదవాలనే నిశ్చయం ఆమెకు ఆ నాలుగు గోడల మధ్యనే కలిగింది.

న్యాయశాస్త్రం వరకు వెళ్ళాలంటే ముందు మెట్రిక్యులేషన్ దాటాలి. పాఠశాల వయసు ఎన్నడో గడిచిపోయింది. ఆమె సొంతంగా చదువుకొని కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షలో నెగ్గింది. ఇంటర్మీడియట్ కూడ పూర్తి చేసి, బి.ఏ. ఆనర్సులో చేరడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళింది. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదు. అందుచేత చేర్చుకోవడం సాధ్యం కాదని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి తెలియజేశారు. సీటు ఉన్నది, అర్హత ఉన్నది, తలదాచుకొనే చోటు మాత్రం లేదు. చదువు దక్కకపోవడానికి ఆ ఒక్క లోటు చాలు. మరొకరైతే తిరుగుబండి ఎక్కేవారు. ఆమె పత్రికలో ఒక ప్రకటన వేయించింది. వసతి లేని కారణంగా విశ్వవిద్యాలయంలో చేరలేకపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనను సంప్రదించవలసిందని కోరింది. పదిమంది దాకా స్పందించారు. వారంతా కలిసి ఒక ఇల్లు చూసుకొని తమ వసతిగృహాన్ని తామే నడుపుకొన్నారు. విశ్వవిద్యాలయం వారిని చేర్చుకొన్నది. దుర్గాబాయి 1939లో బి.ఏ. ఆనర్సు, 1942లో మద్రాసులో న్యాయవాద పట్టా సాధించింది.

ఆమె తరువాత చేసిన పెద్ద పనులన్నింటికీ ఈ వాల్తేరు ఇల్లే నమూనా అని చెప్పవచ్చు. ఉన్న సంస్థ గుమ్మం ఎత్తుగా ఉన్నప్పుడు లోపలికి రాలేకపోయినవారిని నిందించడం ఆమె పద్ధతి కాదు. వారు ఎందుకు రాలేకపోయారో వారినే అడిగేది.

ఆంధ్ర మహిళా సభ పుట్టుక కూడ అటువంటిదే. మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల బాలికలను చేరదీసి ఆమె నడిపిన చిన్న బృందం నుండి 1937లో ఆ సభ రూపొందింది. బాలికలతోపాటు వారి తల్లులు, అక్కలు రాసాగారు. వారిలో బాల్యంలోనే వైధవ్యం ప్రాప్తించినవారు, భర్తలు విడిచిపెట్టినవారు ఉండేవారు. పాతికేళ్ళ వితంతువును ఏ పాఠశాలలోనూ ఐదవ తరగతిలో కూర్చోబెట్టరు. ఇంట్లో ఉందామా, పెట్టే ప్రతి మెతుకుకూ లెక్క చెప్పవలసి వస్తుంది. అటువంటివారికి తాను నడిచిన దారినే దుర్గాబాయి చూపింది. తక్కువ కాలంలో ఎక్కువ పాఠాలు చెప్పించి, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు పంపింది. ఊరి నుండి వచ్చినవారికి వసతి, చదువు అబ్బనివారికి చేతిపని, రోగులకు వైద్యం ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరాయి. చదువు ఒకచోట, అన్నం ఒకచోట, మందు మరొకచోట ఉంటే దిక్కులేని మనిషి వాటి మధ్య తిరగడంలోనే అలసిపోతుంది. అన్నీ ఒకే ఆవరణలో ఉండడం ఆ సభకు వచ్చిన స్త్రీలకు పెద్ద ఊరట.

న్యాయవాదిగా ఆమె మద్రాసులో కొద్ది సంవత్సరాలు పేరు గడించింది. 1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికై, ఆ సభ అధ్యక్షవర్గ పట్టికలో స్థానం పొందిన ఏకైక మహిళ అయింది. 1952 ఎన్నికలలో ఓటమి చవిచూసింది. ఆ ఓటమి దేశానికి మేలే చేసిందనాలి. ఎందుకంటే నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకొని సాంఘిక సంక్షేమ బాధ్యత అప్పగించారు. అక్కడే ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌తో పరిచయం పెరిగి, 1953 జనవరిలో వారి వివాహం జరిగింది. నెహ్రూ ఆ వివాహానికి సాక్షి సంతకం చేశారు.

దేశంలో అప్పటికి అనాథాశ్రమాలు, వితంతు శరణాలయాలు, అంధుల పాఠశాలలు ఎన్నో ఉండేవి. అవి దాతల దయ మీద బ్రతికేవి. దాత మరణిస్తే మూతపడేవి. ప్రభుత్వానికి వాటి ఉనికే సరిగా తెలియదు. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇటువంటి స్వచ్ఛంద సంస్థలకు నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దానికి తొలి అధ్యక్షురాలు. ప్రభుత్వ ఉద్యోగి కంటె ఊరిలోని సేవకురాలే ఆర్తుల గోడు ముందుగా వినగలదని ఆమె విశ్వాసం. ఆ విశ్వాసంలో నిజం ఉన్నది. చిక్కు కూడ ఉన్నది. మంచి సేవకురాలు ఉన్న ఊరికి సాయం అందింది, లేని ఊరికి అందలేదు. సాయం పొందడం హక్కుగా కాక ఒకరి మంచితనంగా మిగిలిపోయే ప్రమాదం ఆ పద్ధతిలో ఇమిడి ఉన్నది.

బోర్డు చేసిన పనులన్నింటినీ వివరించనక్కరలేదు. రెండింటిని మాత్రం మరువరాదు. చదువు మానిన వయోజన స్త్రీలకు రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం చేసే సంక్షిప్త విద్యా కార్యక్రమం 1958లో మొదలైంది. మైలాపూరులో ఆమె చేసిన ప్రయోగమే ఈ విధంగా దేశమంతటికీ పాకింది. ఇందులో చదివినవారు గ్రామసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా కుదురుకొన్నారు. రెండవది అంతకంటె నిశ్శబ్దంగా జరిగినది. మధుర జైలులో ఆమె చూసిన స్త్రీల గోడు ఇక్కడ ఫలించింది. జైలు నుండి విడుదలైన స్త్రీ, వయసు నిండి అనాథాశ్రమం వదలవలసివచ్చిన యువతి, వేశ్యావాటిక నుండి బయటపడిన అమ్మాయి, వీరందరికీ ఆ ద్వారం వెలుపల మొదటి రాత్రి ఎక్కడ గడుస్తుంది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి 1954లో బోర్డు ధన్వంతి రామారావు, ఎం.ఎస్. గోరే అధ్యక్షులుగా రెండు సంఘాలను నియమించింది. సంస్థలను వీడినవారికి అనంతర సంరక్షణ ఇవ్వాలని ఆ సంఘాలు సూచించాయి. తత్ఫలితంగా రాష్ట్రాలలో స్టేట్ హోములు వెలిశాయి. హైదరాబాదులో యూసుఫ్‌గూడ ప్రాంతంలోని స్టేట్ హోం ఆ కోవకు చెందినదే.

అయితే ఆశ్రయం ఇచ్చే ఇంటికి ప్రహరీ కట్టి తాళం వేస్తే అది మరొక జైలుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. కాపాడటానికి, నిర్బంధించడానికి మధ్య గీత సన్ననిది. ఈ దేశంలోని శరణాలయాలన్నీ ఆ గీతకు ఇవతలే నిలిచాయని చెప్పలేము.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయిన తరువాత మహిళా సభ కార్యకలాపాలు ఇక్కడికి విస్తరించాయి. ఢిల్లీలో దేశ్‌ముఖ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి 1967లో ముగిసిన పిమ్మట ఆ దంపతులు హైదరాబాదులో స్థిరపడ్డారు. ఢిల్లీలో ఉన్నప్పుడు ఆమె అంధుల సంఘానికి అధ్యక్షత వహించి, వారికి వసతితో కూడిన పాఠశాలను, పని నేర్పే కర్మాగారాన్ని నెలకొల్పింది. హైదరాబాదులో ఆస్పత్రి, కళాశాలలు, వయోజనులకు అక్షరాలు నేర్పే సాక్షరతా భవనం ఆమె కృషికి నిదర్శనాలు. 1975లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారంతో ఆమెను గౌరవించింది. 1981 మే 9వ తేదీన శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో దుర్గాబాయి కన్నుమూసింది. మరుసటి సంవత్సరం అక్టోబరులో దేశ్‌ముఖ్ హైదరాబాదులో మరణించారు.

ఆమె పోయిన నాటికి ఉప్పల్ నగరం అంచున ఉన్న ఊరు. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మహానగరంలో విలీనమైంది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. నగరం పెరిగినకొద్దీ ఆరుబయట నిద్రించేవారూ పెరిగారు. వీరిలో అధికులు పురుషులు. దుర్గాబాయి దృష్టి ప్రధానంగా స్త్రీల మీద, పిల్లల మీద నిలిచింది. కూలి కోసం వచ్చి కాలిబాట మీద పడుకొనే మగవాడికి ఆమె నెలకొల్పిన వ్యవస్థలో చోటు దొరకలేదు. అటువంటివారి కోసం 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఐదు లక్షలకు పైబడిన జనాభా గల నగరాలలో ప్రతి లక్షమందికి ఒక వసతి గృహం చొప్పున ఉండాలని, అవి ఏడాది పొడవునా రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలని ఆదేశించింది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మనిషికి యాభై చదరపు అడుగుల చోటు ఉండాలని నియమం చేసింది. రైల్వే స్టేషన్లు, బస్సు స్టాండులు, అంగళ్ళ దాపున ఈ గృహాలు కట్టాలని చెప్పింది.

ఆ నియమంలో గొప్ప లోకజ్ఞానం ఉన్నది. తెల్లవారకముందే అడ్డాకు చేరకపోతే కూలికి ఆ రోజు పని పోతుంది. వసతి గృహం నాలుగు మైళ్ళ దూరాన ఉంటే అతడు అరుగు మీదనే పడుకొంటాడు. భార్యను ఒక గృహానికి, తనను మరొక గృహానికి పంపుతామంటే కుటుంబమంతా చెట్టుక్రిందనే ఉండిపోతుంది. చేతిలోని తాపీ, పార, మూట భద్రంగా ఉంచుకొనే చోటు లేకపోయినా అంతే. చూసేవారికి ఇది మొండితనంగా తోస్తుంది. కాని అతడి లెక్క అతడికి ఉన్నది.

ఈ లెక్కను వినకుండా చేసిన పని ఒకటి ఈ ప్రాంతంలోనే జరిగింది. 2017లో ఒక అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాదు వీధులలో యాచనను నిషేధించారు. పోలీసులు యాచకులను పట్టి ఆనందాశ్రమాలకు తరలించారు. పురుషులను చంచల్‌గూడ జైలు ఆవరణలో, స్త్రీలను నాచారానికి ఈశాన్యంగా ఉన్న చర్లపల్లి జైలు ఆవరణలో ఉంచారు. అన్నం పెట్టారు, బట్టలిచ్చారు. ఇకమీదట అడుక్కోమని హామీ తీసుకొని చాలామందిని విడిచిపెట్టారు. జైలు ద్వారం వద్ద నిలబడిన స్త్రీ ఎక్కడికి వెళుతుందనే ప్రశ్నతో దుర్గాబాయి తన పని మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ళకు పైగా గడిచిన తరువాత ఇల్లులేని స్త్రీలను జైలు ద్వారం లోపలికే తీసుకువెళ్ళారు.

దుర్గాబాయిని గురించి చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఆమె మొదటి భర్త సుబ్బారావు మరణించిన తరువాత అతని రెండవ భార్యకు అత్తవారింట ఆదరణ కరువైంది. లోకం దృష్టిలో ఆ ఇద్దరు స్త్రీలకు ఏ సంబంధమూ లేదు. ఉన్నా అది పొసగని సంబంధమే. దుర్గాబాయి ఆమెను తన వద్దకు పిలిపించుకొన్నది. దేశ్‌ముఖ్ కూడ ఆమెను ఇంటి మనిషిగానే చూశారు. కాని దుర్గాబాయి ఆమెను ఆ ఇంటికే పరిమితం చేయలేదు. చేతిపనులలో శిక్షణ ఇప్పించింది. ఇల్లు కోల్పోయి వచ్చిన ఆ స్త్రీ ఒక వృత్తి నేర్చుకొని, తన సంపాదన మీద తాను నిలబడింది.